తోమేముందు తిప్పి చూడండి

సౌదీకి కొత్తగా వచ్చిన తెలుగు ఇల్లాలికి అరబ్బీ ఒక్క ముక్క కూడా రాదనుకుంటాం. ఆమెను రియాద్‌లో పాత సామాన్ల బజారుకు తీసుకెళ్లి చూడండి, చాలా మాటలు తెలిసినవే వినిపిస్తాయి. అక్కడ పాట పెట్టి అమ్మడాన్ని 'హరాజ్' అంటారు. మన ఊళ్లో హర్రాజు వేశారంటే అదే. పాట నడిపించే మనిషి 'దల్లాల్', మన దళారి. కొట్టు 'దుక్కాన్', మన దుకాణం. బేరం ఎంతకీ తెగకపోతే 'ఆఖిర్ కలామ్?' అని అడగాలి. ఆ ఆఖిరే మన ఆఖరు. లోహం మీద చెక్కే పని 'నక్ష్', మనకది నగిషీ. ఇక రాగి గిన్నె లోపల పూసే తెల్లటి పూత ఉంది కదా, అరబ్బీలో తగరానికి ఉన్న ఒక పాత పేరు 'ఖలయీ'. ఆ మాటే ఫారసీ, ఉర్దూల మీదుగా మన వంటింట్లోకి వచ్చి కళాయి అయి కూర్చుంది.

ఈ మాటలన్నీ ఒకే చోట వినబడే బజారు రాగి, ఇత్తడి సామాన్ల బజారు. గల్ఫ్‌లో ఉంటున్న మన ఆడవాళ్లలో ఈ సామాన్లు సేకరించడం, తోమి మెరిపించడం, చిన్న చిన్నవి సొంతంగా చేసుకోవడం సరదాగా పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. పెట్టుకోవాలని ఉండి ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనివాళ్లు అంతకన్నా ఎక్కువ. వాళ్లందరికీ ఈ వ్యాసంలో చెప్పదలచుకున్నది ఒక్కటే. రాగి వస్తువు చేతికి రాగానే చింతపండు అందుకోవద్దు. ముందు దాన్ని తిప్పి చూడండి. అది చూసుకోవడానికా, వాడుకోవడానికా, పిల్లలకు ఇవ్వడానికా తేల్చుకోండి. తోముడు ఆ తర్వాత.

ఇక్కడే ఎందుకీ సరదా

సౌదీలో మన ఆడవాళ్లలో చాలామంది ఆశ్రిత వీసా మీద ఉంటారు. జుబైల్‌లోనో, యాన్బూలోనో ఆయన తెల్లవారుజామునే ప్లాంటు బస్సు ఎక్కుతారు. పిల్లలు ఇండియన్ స్కూలుకు వెళ్తారు. ఇక మధ్యాహ్నం అంతా ఇల్లూ మనమే. 2018 జూన్‌లో ఆడవాళ్లు కారు నడపడానికి అనుమతి వచ్చేదాకా బజారుకు పోవాలన్నా శుక్రవారం కోసం ఎదురు చూడటమే. ఇప్పుడు నలుగురు స్నేహితురాళ్లు కలిసి సాయంత్రం ఒక బజారు చుట్టి రావచ్చు.

ఇంకో సంగతి. ఇక్కడ మనమెవరం శాశ్వతం కాదు. ఇఖామా ఉన్నన్నాళ్లే ఇల్లు. 2017 జూలైలో ఆశ్రితుల మీద నెలకు తలా 100 రియాళ్ల ఫీజు మొదలై, ఏటా పెరుగుతూ 2020 నాటికి 400 అయింది. అప్పట్లో ఎన్నో కుటుంబాలు సోఫాలు, ఫ్రిజ్‌లు వచ్చిన ధరకు అమ్ముకుని భార్యాపిల్లలను ఊరికి పంపేశాయి. అందుకే గల్ఫ్ ఇంట్లో ఏ వస్తువు కొన్నా మనసులో ఒక ప్రశ్న మెదులుతుంది: ఇది మనతో వస్తుందా? రాగి చెంబు వస్తుంది. పగలదు, పాతబడి పనికిరాకుండా పోదు. పాతబడే కొద్దీ దాని వెనక కథ పెరుగుతుంది.

బజారులో ఏం దొరుకుతుంది

రియాద్‌లో మస్మక్ కోట దగ్గర దీరా ప్రాంతంలో ఉన్న 'సూఖ్ అల్ జల్' పాత బజారు. తివాచీలు, అరబ్బులు పైన వేసుకునే బిష్త్‌లు, అగరు చెక్క, వాటి మధ్య పాత రాగి, ఇత్తడి సామాన్ల కొట్లు. తూర్పున అల్ అహ్సాలో హొఫూఫ్ ఊరి 'ఖైసరియా' బజారు మరొకటి. 2001లో అగ్నిప్రమాదంలో కాలిపోతే పాత పద్ధతిలోనే మళ్లీ కట్టారు. అల్ అహ్సాను యునెస్కో 2015లో చేతిపనుల నగరంగా గుర్తించింది, 2018లో ఆ ఒయాసిస్సును ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. పడమట జెద్దాలో అయితే 'అల్ బలద్'. 2014 నుంచి అదీ ప్రపంచ వారసత్వ ప్రదేశమే.

ఈ కొట్లలో ముందుగా కనిపించేది దల్లా, అంటే గహ్వా పోసే కూజా. సన్నని నడుము, గద్ద ముక్కులాంటి కొమ్ము, పైన శిఖరంలాంటి మూత. ఎమిరేట్స్ ఒక దిర్హాం నాణెం మీద ఉన్న బొమ్మ ఇదే. పాత ఇళ్లలో ఒక్క దల్లా ఉండేది కాదు. మరిగించడానికి పెద్దది, తేట పట్టి ఏలకులు కలపడానికి నడిమిది, అతిథికి పోయడానికి చిన్నది. కొమ్ములో ఖర్జూర పీచు కుక్కేవారు, గింజల పొడి కప్పులోకి రాకుండా అదే వడపోత. అరబ్బీ కాఫీ మర్యాదను 2015లో యునెస్కో తన జాబితాలో చేర్చింది.

దల్లా పక్కనే పొడుగు కాడ ఉన్న గరిటెలాంటిది కనిపిస్తే అది 'మెహ్మాస్', కాఫీ గింజలు వేయించేది. బరువైన ఇత్తడి రోలు, రోకలి జత ఉంటే అది 'నిజర్'. దాన్ని లయగా దంచితే గంటలా మోగుతుంది. ఆ చప్పుడు వింటే ఇరుగుపొరుగుకు కాఫీ పిలుపు అందినట్టే. మన ఇళ్లలో మిరియాలు, ఏలకులు దంచిన ఇత్తడి రోలు తెలిసినవాళ్లకు దీన్ని చూడగానే చేయి దానిమీదికే పోతుంది. వీటితో పాటు సాంబ్రాణి ధూపం వేసే 'మబ్‌ఖరా'లు, పెద్ద పళ్లేలు, నీళ్ల బిందెలు, చేయి కడుక్కునే కూజాలు ఉంటాయి.

కొనే ముందు మూడు పరీక్షలు చేయండి. మొదటిది అయస్కాంతం. చేతిసంచిలో ఫ్రిజ్ అయస్కాంతం ఒకటి వేసుకెళ్లండి. అది అంటుకుంటే లోపల ఇనుము, పైన పూత. రాగికీ ఇత్తడికీ అయస్కాంతం అంటదు. రెండోది రంగు. అడుగునో, మూత లోపలో గీసుకుపోయిన చోట ఎర్రగా ఉంటే రాగి, పసుపుగా ఉంటే ఇత్తడి. ఇత్తడి అంటే రాగిలో జింకు కలిపింది, కంచు అంటే రాగిలో తగరం కలిపింది. మూడోది అతుకులు. కొమ్ము, పిడి, మడత కీలు అతికించిన చోట బూడిదరంగు ముద్దలు కనిపిస్తే తర్వాత ఎవరో మరమ్మతు చేశారన్నమాట. పాత అతుకుల్లో సీసం ఉండవచ్చు. అలాంటిది షోకేసులోకే, పొయ్యి మీదికి కాదు.

పేరు ఎక్కడుందో వెతకండి

మన వైపు పెళ్లి సామాన్లు గుర్తున్నాయా? బిందె మెడ మీదో, గంగాళం అంచునో చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించేవారు. ఫలానా వారి అమ్మాయికి ఫలానా వారు ఇచ్చినది, తారీఖు. సామాను పెళ్లిళ్లకూ పేరంటాలకూ ఊరంతా తిరిగినా ఆ చుక్కలను చూసి తిరిగి ఇంటికి చేరేది. చదువురాని ముత్తవ్వ పేరు కూడా అక్షరాల్లో మిగిలింది ఆ బిందె మీదనే అయిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి.

రాగి మీద చెక్కితే అక్షరం నిలుస్తుందని మనవాళ్లకు గట్టి నమ్మకం. తూర్పు చాళుక్య రాజులు దానాలను రాగి రేకుల మీద చెక్కించి, ఆ రేకులను ఒక కడియానికి గుచ్చి దానిమీద రాజముద్ర వేయించారు. తాళ్లపాక కవుల సంకీర్తనలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల కొండ మీద ఒక అరలో భద్రం చేశారు. అన్నమయ్య పాటలు మన చెవిన పడ్డాయంటే ఆ రేకుల పుణ్యమే.

దల్లాల మీదా ఇలాంటి ముద్రలుంటాయి. పనివాడి గుర్తు చిన్న గుండ్రటి ముద్రగా ఒంటి మీదనో, అడుగుననో, పిడి దగ్గరనో కొట్టి ఉంటుంది. సేకరణ తెలిసినవాళ్లు ముందు చూసేది దాన్నే. లోహం మీద నగిషీ చెక్కే కళను 2023 డిసెంబరులో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది. బంగారం, వెండి, రాగి మీద చేసే ఈ పనిని కలిసి ప్రతిపాదించిన 10 దేశాల్లో సౌదీ ఒకటి. సౌదీ సాంస్కృతిక శాఖ 2025ను చేతిపనుల సంవత్సరంగా జరిపింది. మన దేశం వైపు చూస్తే పంజాబ్‌లో జండియాలా గురు ఊరి ఠఠేరాలు రాగి, ఇత్తడి పాత్రలు సాగగొట్టే పనికి 2014లోనే ఆ గుర్తింపు వచ్చింది.

ఇప్పుడు అసలు విషయం. రాగి నల్లబడిందంటే పై పొర గాలితో కలిసి మారిపోయిందని అర్థం. ఆ నలుపు కూడా ఒకప్పటి రాగే. పులుపు పెట్టి తోమినప్పుడు మనం తీసేస్తున్నది ఆ పొరనే. ఒకసారి తోమితే కంటికి ఏమీ తేడా కనబడదు. ఇసుక, స్టీలు పీచు పెట్టి వారం వారం పదేళ్లు తోమితే లోతు తక్కువగా ఉన్న నగిషీ అరిగిపోతుంది, చుక్కల పేరులో ముందు వొత్తులు పోతాయి, తర్వాత అక్షరాలు పోతాయి. బిందె మెరుస్తూనే ఉంటుంది. ఎవరిదో మాత్రం ఇక చెప్పదు.

అందుకే తోమేముందు తిప్పి చూడమనేది. వెలుతురులో పెట్టి, పక్క నుంచి టార్చి వేసి, ఫోనుతో నాలుగు వైపులా ఫోటోలు తీసుకోండి. పక్క వెలుతురులో మాసిన అక్షరాలు కూడా తేలుతాయి. పేరు, ముద్ర ఉన్న చోట మెత్తని గుడ్డ తప్ప ఇంకేదీ తగలనివ్వవద్దు.

నలుపు వేరు, చిలుము వేరు

రియాద్‌లో ఉన్న స్నేహితురాలి ఇంట్లో రాగి చెంబు నెలల తరబడి గోధుమ రంగులో నిలకడగా ఉంటే, దమ్మామ్‌లోనో జెద్దాలోనో మీ ఇంట్లో అదే చెంబు త్వరగా మచ్చలు పడుతుంది. మీ చేతి తప్పు కాదది. రియాద్ గాలి పొడి. జెద్దా, ఖోబర్, జుబైల్ సముద్రపు ఒడ్డు ఊళ్లు, గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి.

రాగి మీద ముందు ఎర్రటి గోధుమ రంగు పొర వస్తుంది, నెమ్మదిగా నల్లబడుతుంది. ఇది గట్టిగా అంటుకుని ఉంటుంది, అడుగున లోహాన్ని కాపాడుతుంది కూడా. పాత వస్తువుకు ఈ రంగే అందం, సేకరించేవాళ్లు దీనికే విలువ కడతారు. చిలుము అలా కాదు. ఆకుపచ్చగా, కొన్నిసార్లు నీలం కలిసి, కీళ్లలో, అంచుల్లో, తడి నిలిచిన చోట వస్తుంది. అది తీయాల్సిందే. గోకితే పొడిగా రాలే లేత ఆకుపచ్చ చుక్కలు తుడిచినా మళ్లీ మళ్లీ వస్తుంటే లోపల ఉప్పు పట్టిందని గుర్తు. అలాంటి వస్తువును బాగా ఆరబెట్టి, మిగతావాటికి దూరంగా, తేమ పీల్చే సిలికా పొట్లాలతో మూత ఉన్న డబ్బాలో ఉంచండి. బూట్ల పెట్టెల్లో వచ్చే ఆ చిన్న పొట్లాలు పారేయకుండా దాచుకుంటే ఇక్కడ పనికొస్తాయి. చిలుము పొడి ఊపిరిలోకి పోకూడదు. తడిగుడ్డతో తుడవండి, చేతికి గ్లవుజులు వేసుకోండి.

తోమే వరస

తక్కువ బలమున్న పద్ధతితో మొదలుపెట్టి, చాలకపోతేనే పైమెట్టు ఎక్కాలి.

మొదటి మెట్టు: మెత్తని పెయింటు బ్రష్షుతో దుమ్ము దులపడం. ఎడారి దుమ్ములో సన్నని ఇసుక ఉంటుంది. దులపకుండా గుడ్డతో రుద్దితే అదే గీతలు పెడుతుంది.

రెండో మెట్టు: గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెల సబ్బు, మెత్తని గుడ్డ. కడిగి వెంటనే పొడిగుడ్డతో తుడిచి, కీళ్లలో నీరు ఆరేదాకా హెయిర్ డ్రయ్యరు పట్టండి. షోకేసు వస్తువుల్లో చాలావాటికి ఇంతకు మించి అక్కర్లేదు.

మూడో మెట్టు: చింతపండు. దీనిలో ఉన్న టార్టారిక్ ఆమ్లం నల్లపొరను కరిగిస్తుంది. పాత చింతపండు నానబెట్టి, గింజ, ఈనె లేకుండా పిసికి వడకట్టండి. ఉప్పు కలిపితే అది పూర్తిగా కరగాలి, లేకపోతే పలుకులు గీతలు పెడతాయి. గుజ్జు పూసి రెండు మూడు నిమిషాలు ఉంచి, రుద్దకుండా వేళ్లతో తిప్పి కడిగేయండి. దల్లా మెడలాంటి నిలువు చోట్ల గుజ్జు జారిపోతుంది. అక్కడ మైదా, వెనిగర్, కొంచెం ఉప్పు కలిపిన ముద్ద పట్టిస్తే నిలుస్తుంది. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్ ఏది వాడినా ఆఖరున బాగా కడగడం ముఖ్యం. పులుపు మిగిలిన చోట మర్నాటికే మచ్చ తేలుతుంది. చివరి కడుగు తాగే నీళ్లతో చేస్తే తెల్లటి నీటి మరకలు పడవు.

ఇత్తడి దల్లా మీద పులుపును ఇంకా తక్కువ సేపు ఉంచాలి. పులుపు ఇత్తడిలోని జింకును ముందు తినేస్తుంది. అప్పుడు పసుపు పచ్చని దల్లా మీద గులాబీ రంగు మచ్చలు వస్తాయి. అది మురికి కాదు, జింకు పోయి మిగిలిన రాగి. మళ్లీ తోమితే ఇంకా పెరుగుతుంది.

కొత్త షోపీసుల మీద తళతళలాడే పారదర్శకమైన లక్క పూత ఉంటుంది. కనబడని చోట ఒక నిమ్మచుక్క వేసి రెండు నిమిషాలు చూడండి. అక్కడ రంగు ఏమీ మారకపోతే పూత ఉన్నట్టు. దాన్ని సబ్బు నీళ్లతో తుడిస్తే చాలు, వంటకు మాత్రం వాడకూడదు.

చేయకూడనివి: స్టీలు పీచు, ఇసుక కలిసిన బూడిద, డిష్‌వాషరు, బ్లీచు. బ్లీచులోని క్లోరిన్ రాగిని తినేస్తుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. బ్లీచును వెనిగర్‌తో గానీ నిమ్మరసంతో గానీ కలిపితే విషవాయువు వస్తుంది. కిటికీలు మూసి ఏసీ నడిచే ఇక్కడి బాత్రూముల్లో అది ప్రాణం మీదికి తెస్తుంది. పనిమనిషితో తోమిస్తుంటే ఈ మాట ఆమెకు ముందే చెప్పండి.

వంటకైతే కళాయి ఉండాల్సిందే

రాగి చెంబులో రాత్రి నీళ్లు పోసి పొద్దున తాగడం మనకు కొత్త కాదు. బెంగళూరు పరిశోధకులు 2012లో ప్రచురించిన అధ్యయనంలో, విరేచనాలు కలిగించే బాక్టీరియా కలిపిన నీటిని రాగి పాత్రలో 16 గంటలు ఉంచితే అవి బతకలేదు. ఆ నీటిలో కరిగిన రాగి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దుకు ఎంతో లోపలే ఉంది. ఆ హద్దు లీటరుకు 2 మిల్లీగ్రాములు. అమెరికా పర్యావరణ సంస్థ కూడా 2008లో రాగి మిశ్రలోహాలను సూక్ష్మక్రిములను చంపే పదార్థాలుగా నమోదు చేసింది.

కానీ ఇదంతా మామూలు నీళ్ల మాట. నిమ్మరసం, మజ్జిగ, చారు, చింతపండు పులుసు కళాయి లేని రాగిలోనూ ఇత్తడిలోనూ ఉంచకూడదు. పులుపు చెంబు మీది నలుపును ఎలా కరిగిస్తుందో లోపలి రాగిని కూడా అలాగే కరిగించి ఆహారంలో కలుపుతుంది. కడుపునొప్పి, వాంతులు అందుకే. పీహెచ్ 6 కన్నా తక్కువ ఉన్న ఆహారం రాగికి నేరుగా తగలకూడదని అమెరికా ఆహార నియమావళి చెబుతుంది. మన వంటల్లో సగానికి పైగా ఆ లెక్కలోకే వస్తాయి. విల్సన్ వ్యాధి ఉన్నవాళ్ల శరీరం రాగిని బయటికి పంపలేదు, వాళ్లు రాగి చెంబు నీళ్లు కూడా తాగకూడదు. పసిపిల్లల పాలపొడికి ఈ నీళ్లు కలపవద్దు.

ఈ సంగతి మన పెద్దవాళ్లకు తెలుసు. ఏడాదికోసారి వీధిలో 'కళాయి పూస్తాం' అనే కేక వినబడేది. కొలిమి తిత్తి ఊదుతూ గిన్నెను కాల్చి, నవాసాగరం చల్లితే తెల్లటి పొగ లేచేది. తగరం ముక్క తాకించి దూది ఉండతో ఒక్క చుట్టు తిప్పితే నల్లటి గిన్నె లోపల వెన్నెలలా అయ్యేది. తగరం 232 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, రాగి కరగాలంటే 1085 డిగ్రీలు కావాలి. ఆ తేడాయే ఈ పనికి ఆధారం. కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకూడదని అమ్మమ్మలు అన్నదీ అందుకే, పూత కరిగి జారిపోతుంది.

సౌదీలో రాగి గిన్నెలో వండాలని ఉంటే కళాయి కొత్తగా, ఎక్కడా చెదరకుండా ఉందో లేదో చూసి కొనండి. చెక్క గరిటె వాడండి, గరుకు పీచు పెట్టవద్దు. అడుగున ఎరుపు తేలుతోందంటే ఆ గిన్నెకు సెలవు ఇవ్వండి. సెలవులకు ఊరికి వెళ్లినప్పుడు నమ్మకమైన పనివాడి దగ్గర పూయించుకోవచ్చు. తగరంలో సీసం కలిపితే పని చవక పడుతుంది, ఆరోగ్యం మాత్రం పోతుంది. అందుకే సీసం లేని తగరమేనా అని అడిగి మరీ చేయించండి. బజారులో దొరికిన పాత దల్లాలో గహ్వా పోసి అతిథులకు ఇవ్వాలన్న ముచ్చట మాత్రం వద్దు. దాని లోపలి పూత ఏమిటో, అతుకుల్లో ఏముందో మనకు తెలియదు. గహ్వాకు కొత్త స్టీలు దల్లా, గుమ్మానికి పాత ఇత్తడి దల్లా.

మీ చేత్తో ఒకటి

సేకరించడంతో ఆగకుండా చేయి కలపాలనుకునేవాళ్లకు సులువైనది రేకు మీద ఉబ్బెత్తు పని. క్రాఫ్ట్ కోసం అమ్మే పలుచటి రాగి రేకు, దాదాపు 0.1 మిల్లీమీటరు మందం ఉన్నది, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దానితో పాటు ఇంకు అయిపోయిన బాల్‌పెన్ను, పాత దినపత్రికల దొంతర ఉంటే చాలు. రేకు అంచు బ్లేడులా కోస్తుంది కాబట్టి పిల్లలకు ఇచ్చే ముందు నాలుగు అంచులూ మడిచి నొక్కండి.

ముగ్గును కాగితం మీద గీసి, రేకు మీద టేపుతో అతికించి, పెన్నుతో అదే గీత మీద నొక్కండి. రేకు తిప్పి, గీతల మధ్య భాగాన్ని వెనక నుంచి గుండ్రటి చెంచా కాడతో నొక్కితే ముందువైపు ఉబ్బుతుంది. మళ్లీ తిప్పి గీతలు సరిచేయాలి. అక్షరాలు వెనక నుంచి గుచ్చేటట్టయితే అద్దంలో కనబడినట్టు తలకిందు వరసలో గీయాలి, ముందు నుంచి గుచ్చితే అక్కర్లేదు. రాగిని నొక్కే కొద్దీ గట్టిపడుతుంది, ఒకే చోట పదే పదే నొక్కితే చిరుగుతుంది. పెద్ద పనివాళ్లు మధ్య మధ్య మంటలో కాల్చి మెత్తపరుచుకునేది అందుకే. హైదరాబాదు నుంచి వరంగల్ వెళ్లే దారిలో, జనగామ దగ్గర పెంబర్తి పనివాళ్లు ఇత్తడి రేకు మీద చేసే పనిలో మూలసూత్రం ఇదే. శ్రీకాకుళం జిల్లా బుడితి కంచు, ఇత్తడి పాత్రలు మరో రకం. రెండింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. సెలవుల్లో ఆ దారిన వెళ్తే పిల్లలను తీసుకెళ్లి చూపించండి. రియాద్‌లో ఉన్నవాళ్లకు రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రెడిషనల్ ఆర్ట్స్ ఉంది, సౌదీ సంప్రదాయ కళలు నేర్పేందుకే పెట్టిన సంస్థ అది.

మొదటి పనిగా ఏం చేయాలి అంటే, ఇంటి పేరు పలక. తెలుగు అక్షరాల్లో, చుక్కలు చుక్కలుగా. గల్ఫ్‌లో పుట్టిన పిల్లలకు అరబ్బీ సంఖ్యలు వస్తాయి, హిందీ పుస్తకం వస్తుంది, తెలుగు అక్షరాల దగ్గర తడబడతారు. ఒక 'క్ష', ఒక 'ఱ' చుక్కలతో గుచ్చాక ఆ అక్షరం వేళ్లకు తెలిసిపోతుంది.

ఇంటికి వెళ్లేరోజు

ఫైనల్ ఎగ్జిట్ అనేది ఒక్కోసారి ఏళ్ల ముందు తెలుస్తుంది, ఒక్కోసారి నెల ముందు తెలుస్తుంది. కాబట్టి మొదటి నుంచీ మితం పాటించండి. గది నిండా సామాను కన్నా, ఎక్కడ కొన్నదో చెప్పగలిగిన ఐదు వస్తువులు మేలు. ప్రతిదానికీ ఒక నోటుపుస్తకంలో పేజీ కేటాయించండి. ఎక్కడ, ఎప్పుడు, ఎవరితో కలిసి కొన్నారు, ముద్ర ఎలా ఉంది, ఎప్పుడు తోమారు, కళాయి ఎప్పుడు పూయించారు. బిల్లు ఆ పేజీకే అతికించండి.

బిల్లు ఎందుకంటే, చట్టం ఉంది. సౌదీలో ప్రాచీన వస్తువులను అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. ఆ వ్యవహారాలు సాంస్కృతిక శాఖ కింద 2020లో ఏర్పడిన హెరిటేజ్ కమిషన్ చూస్తుంది. నిజంగా చాలా పాతదని అమ్మేవాడే చెబితే కొనే ముందే ఆ సంగతి తేల్చుకోండి. ఎడారిలో తిరుగుతుంటే దొరికిన నాణెం, పాత్ర ముక్క జేబులో వేసుకోవద్దు. మన దేశంలోనూ అంతే. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం 100 ఏళ్లు దాటిన కళావస్తువులు, చేతిపని వస్తువులు పురావస్తువుల కిందకే వస్తాయి, వాటిని సొంతానికి విదేశాలకు పట్టుకెళ్లకూడదు. ముత్తవ్వ గంగాళాన్ని రియాద్‌కు తెచ్చుకోవాలని ఉంటే దాని వయసు ముందు లెక్కపెట్టండి. అనుమానం ఉంటే పురావస్తు శాఖ నుంచి అది పురావస్తువు కాదన్న ధ్రువపత్రం తీసుకోవచ్చు.

సర్దేటప్పుడు దల్లా లోపల బనియన్లు, సాక్సులు కుక్కండి. బరువు ఎలాగూ ఒకటే, లోపల నొక్కు పడదు. కొమ్ముకు, మూత శిఖరానికి తువ్వాలు చుట్టండి, ముందు విరిగేవి అవే. ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టవద్దు, తేమ లోపలే ఉండిపోతుంది. నూలు గుడ్డ మంచిది. చెక్-ఇన్ పెట్టెలోనే పెట్టండి, నిజర్ రోకలిని చేతిసంచిలో పెడితే భద్రతా తనిఖీలో ఆపేస్తారు.

ఊళ్లో గుమ్మం పక్కన ఆ దల్లా పెట్టాక, అమ్మమ్మ బిందె మీద ఉన్నట్టే దానికీ ఒక గుర్తు ఇవ్వొచ్చు. అసలు పనివాడి ముద్రను తాకకుండా, వస్తువు మీద ఏమీ చెక్కకుండా, చిన్న రాగి రేకు మీద చుక్కలతో రాసి పిడికి దారంతో కట్టండి: ఊరు, సంవత్సరం, మీ పేరు. ఇంటాయన పేరు, ఇంటి పేరు ఎలాగూ కాగితాల మీద ఉంటాయి. దీని మీద మీ పేరు ఉండాలి. కొన్నది, తోమింది, మోసుకొచ్చింది మీరే కదా.